గెడ్డ మీద స్లాబ్

డాక్టర్ అంకుల్ కారు నడపడం మానేశాక, శనివారం పొద్దున్న ఆయన్ని గుడికి తీసుకెళ్లే పని నాకు పడింది. షికాగో పక్కనున్న అరోరాలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. భార్య పోయాక ఆ పెద్ద ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఒక్కగానొక్క కూతురు సియాటిల్‌లో ఉంటుంది. డెబ్బైల మొదట్లో ఈ దేశం వచ్చి, షికాగో చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటూ, వీసా ఎక్స్‌టెన్షన్ల మధ్య బతుకుతున్నదాన్ని. మా ఇద్దరికీ కలిసే సంగతులేవీ ఉండవనుకున్నాను. మొదట్లో ఆయన తన మోకాళ్ల గురించి, నేను మా అమ్మాయి స్కూలు గురించి కాసేపు చెప్పుకుని, మిగతా దారంతా ఊరుకునేవాళ్లం.

ఒక శనివారం జోరున వాన. గుడికి వెళ్లే రోడ్డు పక్క పల్లంలో నీళ్లు ఎర్రగా సుడులు తిరుగుతూ పారుతున్నాయి. ఆయన అద్దంలోంచి చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "గెడ్డ పొంగినట్టుంది" అన్నారు.

నేను కారు నెమ్మది చేశాను. కొండ మీద కురిసిన వానని సముద్రంలోకి తీసుకుపోయే వాగుని మా వైపు గెడ్డ అంటారు. గోదావరి దాటి అవతలికెళ్తే ఆ మాట పెద్దగా వినపడదు. ఇన్నేళ్లలో ఈ దేశంలో నాకు తెలిసిన తెలుగువాళ్లెవరి నోటా వినలేదు. మీది ఏ ఊరండీ అని అడిగాను. చెప్పారు. మా ఊరే. ఏ వీధి అని అడిగాను. కొండ కింద, గెడ్డ పక్క వీధి అన్నారు. మేం అద్దెకున్న ఇల్లు అదే గెడ్డకి దిగువన, సముద్రం వైపు ఉండేది. ఆయన ఊరొదిలి వచ్చేసిన చాలా ఏళ్లకి నేను అక్కడ పుట్టాను. మధ్యలో ఆయన వెళ్లిందల్లా తల్లిదండ్రుల కర్మకాండలకే. అదీ హడావిడిగా వెళ్లి రావడమే. ఆ పాత ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ వీధి మొహం మళ్లీ చూడలేదు.

ఆ రోజు నుంచి మా శనివారాలు మారిపోయాయి. దర్శనం అయ్యాక గుడి కాంటీన్‌లో వడలు తెచ్చుకుని కారులో కూర్చుంటే, ఆయన గెడ్డ గురించి చెప్పేవారు. కొండ మీద నుంచి దిగే నీళ్లు మోకాలి లోతులో ఇసుక కనపడేంత తేటగా ఉండేవట. రెండు గట్ల మీదా మొగలి పొదలు. శ్రావణమాసంలో ఆ వాసన ఇంట్లో మంచం మీద పడుకున్నా తెలిసేదట. చాకళ్లు గట్టు మీద బట్టలు ఆరేసేవారు, వాళ్ల గాడిదలు నీళ్లలో నిలబడి నిద్రపోయేవి. ఆయనా ఆయన స్నేహితులూ తువ్వాలు అడ్డం పెట్టి పరిగె చేపపిల్లల్ని పట్టేవారు. ఇంటికి తీసుకెళ్తే బ్రాహ్మణుల ఇల్లు కదా, తంతారని మళ్లీ నీళ్లలోనే వదిలేసేవారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఎనభై దాటిన మనిషి, చేతిలో వడ చల్లారిపోతున్నా పట్టించుకునేవారు కాదు.

నాకు తెలిసిన గెడ్డ అది కాదు.

మా చిన్నప్పటికి అది నల్లగా, చిక్కగా, కదులుతోందో లేదో తెలియకుండా ఉండేది. ఎగువనున్న ఇళ్ల దొడ్లలోంచి గొట్టాలు వరసగా అందులోకి దిగేవి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి దోమలు పొగలా లేచేవి. మా అమ్మ వీధి వైపు కిటికీలు ఎండాకాలంలో కూడా తీసేది కాదు. చుట్టాలెవరైనా వస్తే, వాళ్లు ముక్కు మూసుకోకుండా ఉండటానికి పడే అవస్థ చూసి ఆవిడ మొహం చిన్నబోయేది. బడిలో పిల్లలు మమ్మల్ని గెడ్డ వీధి వాళ్లనేవారు. మా బట్టలకి కూడా ఆ వాసన ఉంటుందని నాకు భయంగా ఉండేది.

నాకు డెంగీ వచ్చి తగ్గాక మా అమ్మ ఇంక ఆగలేదు. మామూలుగా గడప దాటి నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. ఇంటింటికీ తిరిగి వీధిలో ఆడవాళ్లందర్నీ కూడగట్టింది. గెడ్డని కప్పెయ్యమని అడగాలని అందరూ కలిసి నిర్ణయించుకున్నారు. శుభ్రం చెయ్యమని అడగాలని ఎవరికీ తోచలేదు. తోచినా, ఎవరి దొడ్లో గొట్టం వాళ్లకే ఉంది, ఎవరు ముందు మాట్లాడతారు? మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ ఆ ఆడవాళ్లు తిరిగిన తిరుగుడు చిన్నది కాదు. ఒకసారి మా అమ్మ నన్ను కూడా వెంట తీసుకెళ్లింది. వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. లోపలికి పిలిచినప్పుడు చెప్పాల్సిందంతా చెప్పి బయటికొచ్చింది.

చివరికి పని మొదలైంది. రెండు వైపులా గోడలు కట్టి, ఇనుప చువ్వలు అల్లి, పైన కాంక్రీటు పోశారు. స్లాబ్ పూర్తయిన రోజు మా వీధిలో పాయసాలు వండుకున్నారు. మా అమ్మ కిటికీలన్నీ తీసి, ఒక్కొక్క రెక్కా తడిగుడ్డతో తుడిచింది.

ఆ తర్వాత రెండేళ్లు మా వీధి బతికినంత కళగా ఏ వీధీ బతకలేదని ఇప్పటికీ నా నమ్మకం. ఊరు పెరుగుతోంది, ఎక్కడా కాలు పెట్టే జాగా లేదు, మాకు మాత్రం నడివీధిలో మైదానం లాంటి చోటు దొరికింది. పొద్దున్న కూరల బళ్లు, మధ్యాహ్నం పాత దుప్పట్లు పరుచుకుని నైటీలు అమ్మేవాళ్లు, సాయంత్రం చెరకు రసం, ముంత మసాలా, మిరపకాయ బజ్జీలు. మగపిల్లలు అక్కడే క్రికెట్. ముసలివాళ్లు కుర్చీలు తెచ్చుకుని అక్కడే కబుర్లు. వీధి దీపం కింద బజ్జీల బండి ఒకావిడది. సన్నగా, పొడుగ్గా ఉండేది. కుడిచేత్తో బజ్జీలు వేస్తూ ఎడంచేత్తో చిల్లర ఇచ్చేది. ఆవిడ ఉండేది గెడ్డ దిగువన, స్లాబ్ ఆగిపోయిన చోట, గట్టు మీది పూరిళ్లలో. కాళ్లు పడిపోయిన అత్తని చూసుకుంటూ, సాయంత్రం బండి తోసుకుంటూ వచ్చేది. మా అమ్మ ఆవిడ దగ్గరే కొనేది. బండి పెట్టుకోవడానికి చోటిచ్చింది మీరేనమ్మా అని ఆవిడ అంటే, మా అమ్మ సిగ్గుపడి నవ్వేది.

మూడో ఏడు దసరాలు వెళ్లాక వాయుగుండం పట్టింది. రెండు పగళ్లు, మధ్యనున్న రాత్రీ ఎడతెరిపి లేకుండా కొట్టింది. పూర్వమైతే గెడ్డ పొంగి వెడల్పుగా పరుచుకుని సముద్రానికి పోయేది. ఇప్పుడు దానికి ఉన్నది గోడల మధ్య సందు, అందులో సగం మన్నూ, ప్లాస్టిక్ కవర్లూ. కొండ నీళ్లన్నీ ఒత్తిడితో వచ్చి, స్లాబ్ అయిపోయే చోట ఒక్కసారి బయటపడ్డాయి. మా ఇళ్లలోకి చుక్క రాలేదు. దిగువనున్న పూరిళ్లలోకి నడుం లోతున వచ్చాయి.

బజ్జీల ఆవిడ పిల్లల్ని ముందు గట్టెక్కించింది. అత్తని ఎత్తుకొద్దామని వెనక్కి వెళ్లేసరికి మంచం మునిగిపోయింది. ఈ సంగతి మాకు మర్నాడు పాలవాడు చెప్పాడు. మా అమ్మ చేతిలో పాలగిన్నె అలాగే పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడింది.

నెల తిరక్కముందే ఆవిడ మళ్లీ బండి పెట్టింది. పెట్టకపోతే గడవదు. అదే దీపం కింద, అదే చోట. మా అమ్మ మాత్రం అటు వెళ్లడం మానేసింది. బజ్జీలు కావాలని మేం పేచీ పెడితే నన్ను పంపేది. నేను వెళ్తే ఆవిడ అడిగేది, "ఏటి పాపా, మీ యమ్మ రావట్లేదు? ఒంట్లో బాగులేదేటి?" నేను బాగానే ఉందని చెప్పి పొట్లం పుచ్చుకుని వచ్చేసేదాన్ని. తెచ్చినవి మా అమ్మ ముట్టుకునేది కాదు. చాలా ఏళ్లకి, నా పెళ్లయ్యాక, ఏదో మాటల్లో ఒకసారి అంది, "ఆ స్లాబ్ మనం అడిగి వేయించుకున్నదే కదే." అంతకు మించి ఆవిడ దాని గురించి మాట్లాడగా నేను వినలేదు. మా అమ్మ పోయి ఆరేళ్లయింది.

ఇవేవీ నేను డాక్టర్ అంకుల్‌కి చెప్పలేదు. ఆయన మొగలి పొదల గురించి చెబుతుంటే మధ్యలో డెంగీ, ముసలమ్మ ఎలా తేను? ఇప్పుడెలా ఉందని అడిగినప్పుడల్లా, ఊరు బాగా పెరిగిపోయిందండీ అని దాటేసేదాన్ని.

పోయిన ఏడాది మా పిన్ని కూతురి పెళ్లికి నేను ఇండియా వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరే ముందు శనివారం, గుడి పార్కింగ్‌లో కారు దిగబోతూ ఆయన ఆగారు. నడవలేనమ్మా, ఇంక విమానాలెక్కలేను, నా కోసం ఒక్కసారి అటు వెళ్లి ఫోన్‌లో వీడియో తీసుకురా అని అడిగారు. కొండ దగ్గర మొదలుపెట్టి సముద్రం దాకా తియ్యమన్నారు. అలాగేనండీ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

పెళ్లి అయిన మర్నాడు ఆటోలో వెళ్లాను. కొండ కింద దిగి చూస్తే ఎటు నడవాలో తెలియలేదు. కొండకి సగం దాకా ఇళ్లు. ఆయన చెప్పిన వీధిలో రెండు వైపులా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, కింద ఫార్మసీలు, కోచింగ్ సెంటర్లు, ఇడ్లీ హోటళ్లు. మా స్లాబ్ ఇప్పుడు రోడ్డయిపోయింది. దాని మీద బస్సులు పోతున్నాయి. బళ్లు ఒక్కటీ లేవు, ట్రాఫిక్‌కి అడ్డమని ఎప్పుడో తీయించేశారట. బజ్జీల ఆవిడ గురించి అడిగితే, కొత్తగా వచ్చిన వాళ్లకి తెలియదు. పాన్ షాపు ముసలాయనకి మాత్రం గుర్తుంది. ఆ పూరిళ్లు తీసేసినప్పుడు ఊరి బయట ఎక్కడో ఇళ్లిచ్చారని, అక్కణ్ణుంచి బండి తోసుకు రావడం అయ్యే పని కాదని చెప్పాడు. రోడ్డు పక్క కొత్తగా కట్టిన గోడ మీద రంగుల్లో బొమ్మలు వేశారు. కొండ, కొండ మీద నుంచి నీలంగా దిగే ఏరు, పక్కన జింకలు. ఆ గోడ నీడలో ఎవరో ముక్కు మూసుకుని మూత్రం పోస్తున్నారు.

నీళ్లు కనపడింది సముద్రం దగ్గరే. బీచ్ రోడ్డు కింద ఒక గొట్టంలోంచి నల్లగా బయటికొచ్చి, ఇసుకలో చీలికలై పారుతున్నాయి. థర్మోకోల్ ముక్కలు, పసుపురంగు నురగ. అందులోనే కాళ్లు పెట్టి కొంగలు నిలబడి ఉన్నాయి. నేను ఫోన్ పట్టుకుని తీస్తుంటే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరికొచ్చాడు. ఏం తీస్తున్నారని అడిగాడు. గెడ్డ అన్నాను.

"గెడ్డకి వీడియో ఏటమ్మా," అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అర్థం కాక. తర్వాత, వానాకాలంలో మా సెల్లార్‌లోకి వచ్చేస్తాది, పేపరోళ్లకిచ్చేదుంటే అది కూడా రాయించండి అని చెప్పి వెళ్లిపోయాడు.

అరోరా వచ్చాక ఆ వీడియో మా ఆయనకి చూపించాను. చూసి, "ఆయన ఎయిటీ ప్లస్. ఇది చూపించి ఏం సాధిస్తావ్? బీచ్‌ది ఒక క్లిప్ చూపించేయ్, సరిపోతుంది," అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. శనివారం కాంటీన్ నుంచి వడలు తెచ్చుకుని కారులో కూర్చున్నాక, అక్కడ పొద్దు పొడిచే వేళ తీసిన సముద్రం వీడియో పెట్టాను. అలలు, చేపల పడవలు, ఎండ పడి మెరుస్తున్న నీళ్లు. ఆయన పూర్తిగా చూశారు. ఫోన్ నా చేతికి తిరిగి ఇవ్వలేదు.

"సముద్రం ఎక్కడికీ పోదమ్మా. గెడ్డ చూపించు," అన్నారు.

చూపించాను. కొండ, అపార్ట్‌మెంట్లు, బస్సులు, గోడ మీది బొమ్మలు, చివర ఆ గొట్టం. వాచ్‌మన్ మాటలు కూడా అందులో ఉన్నాయి. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. బయట పార్కింగ్‌లో ఎవరో కొత్త కారుకి పూజ చేయిస్తున్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే పిల్లలు గొడవ చేస్తున్నారు. రెండోసారీ అయిపోయాక ఆయన ఫోన్ నా చేతికిచ్చారు.

"ఆ వీధిలో ఫ్లష్ లెట్రిన్ మొట్టమొదట కట్టించింది మా నాన్నగారే. నేను మెడిసిన్‌లో చేరిన ఏడు. చుట్టుపక్కల వాళ్లు చూడ్డానికి వచ్చేవారు. మా అమ్మ తలుపు తీసి, గొలుసు లాగి మరీ చూపించేది. ఎంత గర్వమో మాకు."

నేను దాని గొట్టం ఎక్కడికి వెళ్లేదని అడగలేదు.

"గెడ్డలోకే," అన్నారు ఆయనే. "ఇంకెక్కడికి పోతుంది? నేనప్పుడు పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. దిగువన మనుషులున్నారని నాకు తెలీదా?"

అప్పుడు చెప్పాను మా అమ్మ సంగతి. స్లాబ్, బళ్లు, వాయుగుండం, బజ్జీల ఆవిడ అత్త. అంతా విని, మీ అమ్మగారు ఉన్నారా అని మాత్రం అడిగారు. లేరన్నాను. తలూపారు. వడలు పొట్లంలోనే ఉండిపోయాయి. ఇంటి దగ్గర దింపినప్పుడు ఎప్పటిలా లోపలికి రమ్మని పిలవలేదు.

తర్వాత శనివారాలు కూడా వెళ్లాం. ఆయన మళ్లీ మోకాళ్ల గురించి, బీపీ మందుల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేనే ఒకసారి ఉండబట్టలేక, మీ చాకళ్ల గాడిదల గురించి చెప్పండి అంకుల్ అని అడిగాను. ఏమిటోనమ్మా, గుర్తుండట్లేదు అన్నారు. ఆయన జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదని నాకు తెలుసు. ఇండియాకి నేను విమానమెక్కిన టెర్మినల్ నంబరు దగ్గర్నుంచి ఆయనకి అన్నీ గుర్తే. ఆ వీడియో చూపించకుండా ఉంటే, పోయేదాకా ఆయనకి ఆ గెడ్డ ఉండేది. ఈ మాట అంటే మా ఆయన, నువ్వు కాదు, ఆయనే కదా అడిగింది అంటాడు. నిజమే. అయినా మనసు ఒప్పుకోదు.

ఈ ఏడు ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయారు. నిద్రలోనే. రెండు రోజులు పేపరు తియ్యకపోవడం చూసి ఎదురింటి అమెరికన్ ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది. కూతురు సియాటిల్ నుంచి వచ్చి అన్నీ చూసుకుంది. యాభై దాటిన మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం చివర్లు తెగిపోతాయి. ఫ్యూనరల్ అయిన తర్వాత నన్ను ఇంటికి పిలిచి, వాళ్ల అమ్మవి రెండు పట్టుచీరలు తీసుకోమని బలవంతం చేసింది. ఇల్లంతా అట్టపెట్టెలు. కాఫీ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"డాడ్ చిన్నప్పుడు నాకు ఒక రివర్ స్టోరీస్ చెప్పాడు. ఫ్లవర్స్, ఫిష్, డాంకీస్. దాని పేరు ఏంటి? మేము డిసెంబర్‌లో ఇండియా వెళ్తాం. యాషెస్ కొంచెం అందులో వెయ్యాలి అని నాకు ఉంది."

దానికి పేరు లేదు. మేమందరం ఊరికే గెడ్డ అనేవాళ్లం. ఆ మాటే చెప్పాను. జస్ట్ గెడ్డ? అని మళ్లీ అడిగి, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. మ్యాప్‌లో చూపించమంది. నేను ఫోన్ తీసుకుని ఊరి మ్యాప్ పెద్దది చేశాను. కొండ ఉంది, బీచ్ రోడ్డు ఉంది. మధ్యలో తెల్లగా రోడ్డు గీతే తప్ప నీలం గీత లేదు.

ఆవిడ నా మొహం వంక చూస్తోంది. తండ్రిలాగే కళ్లు కొంచెం చికిలించి చూస్తుంది. నేను వేలితో మ్యాప్‌ని కిందికి జరిపి, ఊరికి ఉత్తరాన జనం తక్కువగా ఉండే ఒడ్డు ఒకటి చూపించాను. గెడ్డ ఇప్పుడు లేదమ్మా, రోడ్డు వేసేశారు, ఇక్కడ సముద్రంలో కలపండి, ఇక్కడ నీళ్లు బాగుంటాయి అని చెప్పాను.

"డాడ్‌కి తెలుసా? అది లేదు అని?"

తెలుసు అన్నాను.

ఆవిడ నేను చూపించిన ఒడ్డు దగ్గర మ్యాప్‌లో పిన్ పెట్టుకుంది. చీరల సంచీ తీసుకుని బయటికొచ్చేసరికి సన్నగా మంచు పడుతోంది. వాకిట్లో అమ్మకం బోర్డు అప్పుడే పాతేశారు. నేను వీధి చివర నుంచి మా ఇంటి దాకా నడిచి వచ్చాను.